చౌక కంప్యూటరు

ఒక ఇంటివారు కంప్యూటరు కొనదలచి అంగడికి పోయినపుడు వారి కన్నులకు కనబడునది యంత్రము మాత్రమే. తెర, మీటల పలక, మౌసు, ఒక పెట్టె – వెల కట్టబడిన వస్తువు లివియే యని వారు తలతురు. కాని ఆ వెలలో కంటికి కనబడని వస్తువొకటి తఱచుగా కలసియుండును. అది యంత్రమును నడపు ఆదేశముల సముదాయము. దానిని సాఫ్టువేరందురు.

కంప్యూటరు దానంతటది ఏ పనియు చేయజాలదు. మీట నొక్కినపుడు అక్షరము తెరపై కనబడవలెనన్నను, వ్రాసిన ఉత్తరము చెడిపోక నిలువవలెనన్నను, పాట వినుచు లెక్క వేసికొనవలెనన్నను, ఈ పనుల నన్నింటిని కనిపెట్టి చూచుకొను వ్యవస్థ యొకటి లోపల నుండవలెను. దానికి నిర్వాహక వ్యవస్థ యని పేరు. అది పెండ్లివారింట పెత్తనము వహించిన పెద్దమనిషి వంటిది. వంటవారికి సరకు లందించుట, విడిదివారికి పడకలు చూపుట, మేళగాండ్రను వేళకు పిలుచుట, ఒకరి పనికి మఱియొకరు అడ్డురాకుండ చూచుట – ఇన్నియు నాతని తలమీదనే యుండును. వచ్చినవారు విందును మెచ్చుకొందురు, మేళమును మెచ్చుకొందురు. ఆ పెద్దమనిషిని తలచువారు తక్కువ. కాని ఆతడు లేనిచో లగ్నమే తప్పును.

ఈ నిర్వాహక వ్యవస్థను చాల కంప్యూటర్లలో ఏదో యొక వ్యాపారసంస్థ తయారుచేసి, దాని లోపలి వ్రాతను రహస్యముగా నుంచి, వాడుకొను హక్కును మాత్రము అమ్మును. అట్లుగాక వెలలేకయే లభించునది, లోపలి వ్రాత యెల్లవారికి తెఱచియుంచబడినది మఱియొకటి కలదు. దాని పేరు లినక్సు. చౌక కంప్యూటర్ల కథ యంతయు దీనితో ముడిపడియున్నది.

లోపలి వ్రాత తెఱచియుండిన సామాన్యునికేమి, మూసియుండిన నేమి యని అడుగవచ్చును. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున కృత్రిమమేధా పరిశోధనశాలలో రిచర్డు స్టాల్మను అను ప్రోగ్రాముల రచయిత యుండెను. అక్కడి ముద్రణయంత్రములో కాగితము తఱచు చిక్కుకొనుచుండెడిది. యంత్రము ఒక అంతస్తులో, పనిచేయువారు మఱియొక అంతస్తులో. వారు కాగితము చిక్కినదని తెలియక గంటలకొలది కాచుకొని, తీరా వచ్చి చూచి తల పట్టుకొనెడివారు. స్టాల్మను పాత యంత్రపు ప్రోగ్రామును సవరించి, కాగితము చిక్కగానే ఆయా మనుష్యులకు వార్త చేరునట్లు చేసెను. తరువాత 1980 ప్రాంతమున క్రొత్త యంత్రము వచ్చెను. దాని ప్రోగ్రాము వ్రాతను చూపుటకు తయారీదారులు ఒప్పుకొనలేదు. మనుష్యుడును సిద్ధముగా నున్నాడు, విద్యయు నున్నది. చిన్న లోపమును సవరించుటకు మాత్రము అనుమతి లేదు! చూచుటకిది స్వల్పవిషయమే. ఐనను దీనినుండియే ఒక పెద్ద ఉద్యమము పుట్టెను. 1983 సెప్టెంబరులో ఆతడు గ్ను అను పేర, ఎల్లరు స్వేచ్ఛగా వాడుకొనదగిన నిర్వాహక వ్యవస్థను నిర్మింప బూనుకొనినట్లు ప్రకటించెను.

ఆతడు కోరిన స్వేచ్ఛ యెట్టిదో తెలిసికొనుటకు మన తాళపత్ర గ్రంథములను స్మరించిన చాలును. పూర్వము ఒక పండితునియొద్ద నున్న గ్రంథమును మఱియొకరు అడిగి తెచ్చుకొని చదువుకొనెడివారు, ప్రతి వ్రాసికొనెడివారు, లేఖకుని తప్పు కనబడినచో దిద్దెడివారు, తమకు తోచిన వ్యాఖ్యానమును చేర్చి శిష్యులకిచ్చెడివారు. చదువుట, ప్రతి యెత్తుట, దిద్దుట, పంచుట – ఈ నాలుగు పనులకును అడ్డులేకుండుటయే స్వేచ్ఛా సాఫ్టువేరు యొక్క లక్షణము. స్టాల్మను 1989లో ప్రకటించిన అనుమతిపత్రమున మఱియొక నియమము కూడ కలదు. ఒకడు దానిని మార్చి పరులకిచ్చినచో, తాను పొందిన స్వేచ్ఛనే వారికిని ఈయవలెను; తాను మాత్రము తీసికొని తలుపు మూయరాదు.

గ్ను వ్యవస్థలో చాల భాగములు సిద్ధమైనను, యంత్రముతో నేరుగా వ్యవహరించు నడిమి భాగము మాత్రము సిద్ధము కాలేదు. దానిని కెర్నెలందురు. ఆ కొఱత ఫిన్లాండు దేశమున తీరెను. 1991వ సంవత్సరారంభమున హెల్సింకీ విశ్వవిద్యాలయపు విద్యార్థి లైనసు టోర్వాల్డ్సు వాయిదాల పద్ధతిపై ఒక కంప్యూటరు కొనుక్కొనెను. ఆ దేశమున స్వీడిషు మాతృభాషగా గలవారు కొలదిమంది. ఆతడు వారిలో నొకడు. తన యంత్రము ఎట్లు పనిచేయుచున్నదో తెలిసికొనవలెనను కుతూహలముతో ఆతడు స్వయముగా కెర్నెలును వ్రాయ మొదలిడి, ఆగస్టు 25వ తేదీన ఆ సంగతిని తోటివారికి తెలియజేసెను. అది వినోదార్థము చేయుచున్న పనియే గాని పెద్దది కాబోదని కూడ ఆ వార్తలో చెప్పుకొనెను! అప్పటికి ఆతని వయస్సు 21 సంవత్సరములు. మఱుసటి యేడు ఆతడు తన రచనను గ్ను అనుమతిపత్రము క్రిందకు తెచ్చెను. అంతట దేశదేశములనుండి ప్రోగ్రాముల రచయితలు దానిని దిద్దుటకు పూనుకొనిరి. ఈనాడు ఆండ్రాయిడు ఫోనులన్నింటిలో నున్నది ఈ కెర్నెలే. 2017 నవంబరునాటికి ప్రపంచమున మిక్కిలి శక్తిమంతములైన 500 కంప్యూటర్లును దీనితోనే నడచుచుండెను. మా యింట లినక్సు లేదని చెప్పువాని చొక్కాజేబులోనే అది యుండుట వింత గాదు.

వ్యవస్థ వెలలేనిదైనపుడు యంత్రమును కూడ చౌకగా చేసినచో బీదయింటికిని కంప్యూటరు చేరును గదా యను ఆలోచన పలువురకు కలిగెను. అట్లు యత్నించినవారిలో మనదేశమువారు ముందున్నారు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థ ఆచార్యులు కొందరు ఒక సాఫ్టువేరు సంస్థతో కలసి, 2001లో సింప్యూటరు అను చేతిపరికరపు నమూనాను వెలువరించిరి. అది లినక్సుతో నడచును. భారతీయభాషలలో వ్రాతను చదివి వినిపించును. ఒక్కొక్క కుటుంబమునకు ఒక్కొక్క చిన్న కార్డు ఇచ్చినచో, గ్రామమున కంతకు ఒకే పరికరమున్నను ఎవరి వివరములు వారికి వేరుగా నుండునట్లు వారు యోచించిరి. చదువురాని రైతునకు సైతము పనికివచ్చునట్లు చేసిన ఆ యోచన మిక్కిలి గొప్పది. 2004లో అది సుమారు పదివేల రూపాయల వెలతో విపణికి వచ్చెను. కాని ఆశించినంతగా అమ్ముడుపోలేదు. కొనవలసిన బీదవానికి ఆ వెలయు హెచ్చే. కొనగలిగినవాని దృష్టి అప్పటికే సెల్‌ఫోనులపై పడియుండెను.

తరువాతి యత్నము మఱింత పెద్దది. అమెరికాకు చెందిన నికొలాసు నెగ్రొపాంటె 2005లో నూరు డాలర్ల లాప్‌టాపును చేయించి బాలబాలికలకు పంచవలెనని సంకల్పించెను. తెలుపు, ఆకుపచ్చ రంగుల ఆ చిన్న యంత్రము ఎండలో సైతము చదువదగిన తెర కలిగియుండెను. దానిని నడపునదియు లినక్సే. కాని 2007లో తయారీ మొదలగునప్పటికి వెల సుమారు రెండువందల డాలర్లకు చేరెను. దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశము 2009 నాటికి తన ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలోని మూడున్నర లక్షలకు పైబడిన పిల్లలందరకు ఈ యంత్రముల నిచ్చి, అట్లు చేసిన మొదటి దేశమయ్యెను. పెరూ దేశమును లక్షలకొలది యంత్రములను కొని పంచెను. అక్కడ 319 గ్రామీణ పాఠశాలలను పరిశీలించి 2012లో ప్రకటించిన నివేదికలో తేలినదేమనగా – యంత్రములు వచ్చి పదునైదు నెలలు గడచినను గణితమునందుగాని భాషయందుగాని పిల్లల మార్కులు పెరుగలేదు. ఆలోచనాశక్తిని పరీక్షించు కొన్ని ప్రశ్నలలో మాత్రము కొంత మేలు కనబడెను. ఇది నిరాశ గొలుపు ఫలితమే. ఐనను దానిని దాచక ప్రకటించుట మంచిదయ్యెను. యంత్రమును ఇచ్చుట వేఱు, దానితో నేర్పుట వేఱు అని అందువలన తెలిసివచ్చెను.

2007లోనే తైవానుదేశపు ఆసుసు సంస్థ ఏడంగుళముల తెరగల ఈ-పీసీ యను చిన్న లాప్‌టాపును లినక్సుతో నమ్మజొచ్చెను. ప్రజలు దానిని ఆదరించిరి. అంతట మైక్రోసాఫ్టువారు తమ పాత వ్యవస్థను అట్టి చిన్న యంత్రములకై మఱికొంతకాలము అందుబాటులో నుంచుటతో, లినక్సు అందుండి వెనుకకు తగ్గెను. వ్యాపారమున ఇట్టివి సహజము.

నిలిచి గెలిచిన యత్నము ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పట్టణమున జరిగినది. 1980 తరువాతి సంవత్సరములలో ఆ దేశపు ఇండ్లలో బీబీసీ మైక్రో వంటి చిన్న కంప్యూటర్లు ఉండెడివి. వానిని కేంబ్రిడ్జిలోని ఏకార్ను అను సంస్థ తయారుచేసెను. వాని మీట నొక్కగానే తెరపై బొమ్మలు రావు. ఏమి చేయవలెనో చెప్పుమన్నట్లు ఒక గుఱుతు మాత్రము కనబడును. కాబట్టి పిల్లలు ఏదో యొకటి వ్రాయక తప్పెడిది కాదు. అట్లు వ్రాసి వ్రాసి వారు ప్రోగ్రాముల రచన నేర్చిరి. తరువాత ఇండ్లకు ఆటల పెట్టెలును, ఖరీదైన కంప్యూటర్లును వచ్చెను. ఆ ఖరీదైన యంత్రమును పిల్లలు ముట్టి చెడగొట్టుదురని పెద్దలకు భయము. ఫలితముగా కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున కంప్యూటరు శాస్త్రము చదువగోరి వచ్చువారి సంఖ్యయు, వారి పూర్వజ్ఞానమును తగ్గినట్లు అక్కడి అధ్యాపకులు గమనించిరి. వారిలో ఈబెన్ అప్టను ఒకడు. పిల్లవాడు చెడగొట్టినను తలిదండ్రులు కోపింపనంత చౌకయైన కంప్యూటరు కావలెనని ఆతడు తలచెను. 2006లో ఒక చిన్న బోర్డుపై తన చేతితోనే తీగెలు అతికించి మొదటి నమూనాను చేసెను. 2009లో ఆతడును మిత్రులును కలసి ఒక ధర్మసంస్థను స్థాపించిరి.

వారు చేసిన కంప్యూటరు పేరు రాస్ప్‌బెర్రీ పై. రాస్ప్‌బెర్రీ యనగా చలిదేశములలో పండు ఎఱ్ఱని చిన్న పండు. ఆపిలు మొదలుకొని కంప్యూటర్లకు పండ్ల పేర్లు పెట్టుట అదివఱకే వాడుకలో నున్నది. పై యనునది పైథాన్ అను ప్రోగ్రాముల భాషనుండి వచ్చినది. 2012 ఫిబ్రవరి 29వ తేదీన అది అమ్మకమునకు వచ్చెను. వెల 35 డాలర్లు. ఆనాటి మారకమున, పన్నులును రవాణాఖర్చులును గాక, సుమారు 1,700 రూపాయలు. మొదటి విడత పదివేలు మాత్రమే చేయించిరి. ఆనాడు కొనగోరినవారి తాకిడికి అమ్మకందారుల వెబ్‌సైట్లే స్తంభించెను. 2016 సెప్టెంబరు నాటికి కోటి యంత్రములు అమ్ముడయ్యెను.

ఇంత చౌక యెట్లు సాధ్యమయ్యెను? ఆ యంత్రము 85 మిల్లీమీటర్ల పొడవు, 56 మిల్లీమీటర్ల వెడల్పుగల పలుచని పలక. దానికి పెట్టె లేదు, తెర లేదు, మీటలు లేవు. మొదటి నమూనాలకు విద్యుత్తును ఆపు మీట కూడ లేదు. ఇంటనున్న టెలివిజనునే తెరగా వాడుకొనవచ్చును. మొదటి నమూనాను పాతకాలపు టెలివిజనుకు సైతము తగిలింపవచ్చును. ఫోను చార్జరువంటిదానినుండి అది విద్యుత్తును గ్రహించును. ఖరీదైన డిస్కునకు మాఱుగా, కెమెరాలలో వాడు చిన్న మెమరీకార్డు చాలును. లినక్సు ఆ కార్డులోనే యుండును. కార్డును మార్చినచో కంప్యూటరు స్వభావమే మారిపోవును. పిల్లవాడు కార్డులోనిదంతయు పాడుచేసినను తిరిగి వ్రాసికొనవచ్చును. ఇక దాని ప్రాసెసరు, టెలివిజను పెట్టెల వంటి పరికరములకై విరివిగా తయారగుజాతిది. విరివిగా తయారగుటవలన వెల తక్కువ. ఆ ప్రాసెసరు ఆర్మ్ అను పద్ధతిలో నిర్మింపబడినది. ఆర్మ్ ప్రాసెసరును 1985లో మొట్టమొదట చేసినవారు ఆ బీబీసీ మైక్రోను చేసిన ఏకార్ను సంస్థవారే! అది స్వల్పమైన విద్యుత్తుతో పనిచేయును. మొదటి పై యంత్రమునకు సుమారు 3.5 వాట్లు చాలును. ఇది ఇంటిలోని సాధారణ ఎల్‌ఈడీ దీపమునకు కావలసినదానికంటె తక్కువ.

2015 నవంబరులో ఐదు డాలర్లకే పై జీరో అను మఱింత చిన్న యంత్రము వచ్చెను. దానిని ఒక పత్రిక అట్టకు అతికించి పాఠకులకు ఉచితముగా పంచిరి. పత్రికతోబాటు కంప్యూటరును ఇచ్చుట లోకమున అదివఱకు విననిది. ఆ డిసెంబరులోనే రెండు పై యంత్రములు బ్రిటిషు వ్యోమగామి టిం పీకునకు తోడుగా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునకు చేరెను. పాఠశాల పిల్లలు వ్రాసి పంపిన ప్రోగ్రాములు వానిపై నడచెను. 2020 నవంబరులో వచ్చిన పై 400 గృహస్థులకు మిక్కిలి అనుకూలము. చూచుటకు అది మీటల పలక మాత్రమే. కంప్యూటరంతయు దాని గర్భముననే యున్నది. వెలువడినప్పటి వెల 70 డాలర్లు.

ఐనను ప్రకటనలలో కనబడు వెలను చూచి మోసపోరాదు. ఐదు డాలర్ల పలకకు కార్డు, చార్జరు, తీగెలు, మీటల పలక, మౌసు కూర్చుసరికి ఖర్చు పలురెట్లగును. ఇంట టెలివిజను లేనిచో తెరయు కొనవలెను. మఱియొక చిక్కును మనవారు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. కార్డుపై వ్రాత సాగుచుండగా విద్యుత్తు హఠాత్తుగా పోయినచో అందలి వ్రాత చెడవచ్చును. కరెంటుకోతలుండు ఊరిలో ఇది చిన్న సంగతి కాదు. ముఖ్యమైన వ్రాతలకు వేఱొక ప్రతిని ఉంచుకొనుట, పని ముగియగానే పద్ధతి ప్రకారము యంత్రమును ఆపుట తప్పనిసరి.

లినక్సుతో ఇంటిపనులు ఎంతవఱకు సాగును? ఉత్తరములు, ఇంటిలెక్కలు వ్రాయుటకు లిబ్రె ఆఫీసు కలదు. ఇంటర్నెట్టు చూచుట, పాటలు వినుట, సినిమాలు చూచుట, పాఠములు నేర్చుట – వీనికి వెలలేని ప్రోగ్రాములున్నవి. కాని ఇతర వ్యవస్థలకై మాత్రమే చేయబడిన కొన్ని వ్యాపారపు ప్రోగ్రాములు, కొన్ని ఆటలు దీనిపై నడువవు. కొన్ని ముద్రణయంత్రములును మొరాయించును. దుకాణపు పద్దులు ఫలానా ప్రోగ్రాములోనే వ్రాయవలసిన ఇంటివారు, అది లినక్సుపై నడచునో లేదో ముందుగా విచారింపవలెను. ఈ లోపములను కప్పిపుచ్చి లినక్సును పొగడువారు దానికి మేలు చేయుటలేదు.

తెలుగువారికి ఇందుండి కలిగిన లాభము వెలతో ముగియలేదు. వ్యాపారసంస్థ తన వ్యవస్థను ఒక భాషలోనికి మార్చవలెనన్న, ఆ భాషవలన ఎంత లాభమని చూచుకొనును. లోపలి వ్రాత తెఱచియున్నపుడు ఎవరి అనుమతికొఱకును కాచుకొన నక్కఱలేదు. హైదరాబాదులోని స్వేచ్ఛ యను సంస్థకు చెందిన ఉత్సాహవంతులు, అందు చాలమంది విద్యార్థులే, లినక్సులోని మాటలను తెనిగించి తెలుగు నిర్వాహక వ్యవస్థను సిద్ధపరచిరి. కేంద్రప్రభుత్వ సంస్థయైన సీడాక్ వారు బాస్ అను పేర భారతీయభాషల లినక్సును వెలువరించిరి. అందు తెలుగు కూడ కలదు. కేరళరాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలల కంప్యూటరు పాఠములు ఏండ్ల తరబడి లినక్సుపైననే సాగుచున్నవి.

తెలుగు అక్షరము తెరపై కనబడుట అంత సులభమైన పని కాదు. క్ష అను అక్షరమును కంప్యూటరు ఒక్క అక్షరముగా దాచుకొనదు. కకారము, పొల్లు, షకారము అను మూడు సంకేతములుగా దాచుకొని, చూపునపుడు మాత్రము కలిపి చూపును. ఆ సంకేతములను నిర్ణయించిన యూనికోడు మొదటి కూర్పు వెలువడినది 1991లో, అనగా లినక్సు పుట్టిన యేటనే. కలిపి చూపుట ఫాంటుల పని. తెలుగువారు అమెరికాలో స్థాపించిన సిలికానాంధ్ర సంస్థ అందించిన స్వేచ్ఛా ఫాంటులలో ధూర్జటి, గిడుగు, గురజాడ, సురవరము మొదలగు పేర్లుగలవి యున్నవి. వాడుకభాషకై పోరాడిన గిడుగువారి పేరిట నున్న ఫాంటుతో ఎవరైనను గ్రాంథికమున వ్రాసికొనవచ్చును, ఫాంటు అడ్డుచెప్పదు!

క్రొత్త యంత్రమును కొనకయే ఇంట కంప్యూటరును నిలుపుకొను మార్గము మఱియొకటి కలదు. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోసు 10 వ్యవస్థకు దాని తయారీదారుల సాధారణ మద్దతు ముగిసెను. తరువాతి వ్యవస్థకు కావలసిన హంగులు చాల పాత కంప్యూటర్లలో లేవు. యంత్రము చెడలేదు, తెర వెలుగుచునేయున్నది, మీటలు పలుకుచునేయున్నవి. ఐనను భద్రతకై వచ్చు సవరణలు లేనందున దానితో ఇంటర్నెట్టున తిరుగుట అపాయకరము. ఇట్టి యంత్రములు ఎన్నో ఇండ్లలో మూలబడినవి. లినక్సు రకములలో లినక్సు మింట్, జుబుంటు, లుబుంటు వంటివి కొలది జ్ఞాపకశక్తిగల యంత్రములపై సైతము సాఫీగా నడచును. మిక్కిలి పాతవగు 32 బిట్ల యంత్రములకు మాత్రము ఈ ద్వారము మూసికొనుచున్నది. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13వ కూర్పు వానిపై నేరుగా నెలకొల్పుటకు వీలుగా లేదు.

పాత యంత్రమునకు లినక్సు సరిపడునో లేదో తెలిసికొనుటకు దానిలో ఏమియు మార్చవలసిన పనిలేదు. లినక్సును ఒక పెన్‌డ్రైవులో వ్రాసికొని, దానినుండియే యంత్రమును మేల్కొలుపవచ్చును. అపుడు వ్యవస్థ యంతయు తాత్కాలికముగా యంత్రపు జ్ఞాపకములో నడచును. డిస్కులోని పాత వ్యవస్థ చెక్కుచెదరదు. తెర సరిగా కనబడుచున్నదా, శబ్దము వినవచ్చుచున్నదా, వైఫై దొరకుచున్నదా, ముద్రణయంత్రము పలుకుచున్నదా అని ఒక గంట పరీక్షించి, పెన్‌డ్రైవును తీసివేసి యంత్రమును మరల మేల్కొలిపినచో పూర్వపు వ్యవస్థ యథాప్రకారము వచ్చును. నచ్చినచో లినక్సును డిస్కుపై స్థిరముగా నెలకొల్పవచ్చును. ఆ స్థిరపరచు పని డిస్కులోని పాతవ్రాతను తుడిచివేయవచ్చును గనుక, అంతకుముందే ఇంటివారి ఫోటోలను, పిల్లల సర్టిఫికెట్ల ప్రతులను, భూమిపత్రముల నకళ్లను వేఱొకచోట భద్రపరచుకొనవలెను.